ఉదయగిరి చెక్క గరిటెలు: నాలుగేళ్లు వాడినాక చెప్తా ఉండా

ముందే ఒక మాట. నాకు ఈ గరిటెలు ఎవరూ ఊరికే ఇయ్యలా, ఒక్కటి తప్ప అన్నీ డబ్బులిచ్చి కొనుక్కున్నవే. ఆ ఒక్కటీ మా లెక్కల మేడం ఇచ్చింది, దాని సంగతి తర్వాత చెప్తా. చాలామంది అడగతా ఉండారు, చెక్కవి కొనాల్నా, పగిలిపోవా, బూజు పట్టదా, పులుసులో పెడితే వాసనేమన్నా వస్తాదా అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదానికంటే ఒకేసారి రాసేస్తే పోతాదని కూర్చున్నా.

నేను సోషల్ టీచర్ని. మాది నెల్లూరు, కానీ నాలుగేళ్లు ఉదయగిరి పక్కన ఒక పల్లెలో పనిచేశా. ఉదయగిరి అంటే నెల్లూరు నించి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా బస్సు పోతా ఉంటే కాలవలూ పచ్చని వరి మళ్లూ అయిపోయి రాళ్లూ కంపచెట్లూ మొదలవతాయి, ఆ మార్పు కిటికీలోనించి చూసినప్పుడల్లా నాకు గుండెలో ఏదో అయ్యేది. సోమవారం తెల్లారుజామున బస్సెక్కి పోవడం, శనివారం సాయంత్రం ఇంటికి రావడం. ఆడ ఒక గది బాడిగకు తీసుకుని ఉండేదాన్ని, ఒక స్టౌ, ఒక కుక్కరు, రెండు స్టీలు గిన్నెలు, అంతే నా సంసారం. వండుకోవాలంటే విసుగు, వారంలో మూడు రోజులు పెరుగన్నమే.

పిల్లకాయలకు ఉదయగిరి దుర్గం పాఠం చెప్పేదాన్ని. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను 1513లో ముట్టడించి ఏడాదిన్నర పాటు కింద కాసుకుని కూర్చుని 1514లో పట్టుకున్నాడని, బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆడనించి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించినాడని, కిటికీలోనించి ఆ కొండను చూపించి మరీ చెప్పేదాన్ని. అంత చెప్పినదాన్ని ఆ కొండ కిందనే ఇళ్లల్లో కూర్చుని ఆడోళ్లు, మగోళ్లు చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కతా ఉండారనీ, ఆ పనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉండాదనీ రెండేళ్ల దాకా పట్టించుకోలా. తెలీక కాదు, విన్నా, కానీ పోయి చూడాలనిపించలా. అది తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

2021 నవంబర్ గుర్తుండే ఉంటాది మన జిల్లా వాళ్లకు. పెన్నకు వరదొచ్చి కోవూరు పక్క పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే తెగింది, నెల్లూర్లోకి నీళ్లొచ్చినాయి. ఆ శనివారం నేను ఇంటికి రాలేకపోయా. మా ఆయన ఫోన్లో నీళ్లు మన వీధి దాకా రాలేదులే, నువ్వు బయల్దేరొద్దు, ఆడనే ఉండు అన్నాడు. గదిలో కూర్చుని టీవీ లేక, కరెంటు లేక, ఇంటి మీద దిగులుతో ఉంటే మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడం గొడుగేసుకుని వచ్చి, ఏంది మేడం ఒక్కదానివే చీకట్లో కూర్చున్నావు, పద మా ఇంటికి అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అంతకు ముందు మా ఇద్దరికీ స్టాఫ్ రూములో నమస్కారం, టీ, అంతే పరిచయం.

ఆ రాత్రి వాళ్లింట్లో రాగి సంగటి చేసింది. కట్టెల పొయ్యి మీద మట్టి కుండ, చేతిలో మూరెడు పొడుగు చెక్క తెడ్డు. బయట వాన కొడతా ఉంది, లోపల కిరసనాయిలు బుడ్డి వెలుతురులో ఆమె కుండను రెండు పాదాల మధ్య ఒడిసిపట్టి సంగటి ఎనపతా ఉంది, ఆ తెడ్డు కుండకు తగిలినప్పుడల్లా డుబ్ డుబ్ అని మెత్తని చప్పుడు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ చప్పుడు విని ముప్పై ఏళ్లయింది, విన్నాక గానీ అది పోయిందని కూడా నాకు తెలీలా. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి, పక్కన వేరుశెనక్కాయల పచ్చడి. మూడు రోజులు ఆడనే ఉండా. ఆ మూడు రోజుల్లోనే మేడం అనేది పోయి అక్కా అని పిలవడం మొదలుపెట్టా, ఆమె నన్ను ఏమ్మే అనడం మొదలుపెట్టింది.

వాన తెరిపిచ్చినాక ఆ తెడ్డు యాడ కొన్నావక్కా అంటే నడిపించుకుని తీసుకుపోయింది. బోర్డు లేదు, కొట్టు కాదు, ఒక మామూలు ఇల్లు, వరండా నిండా చెక్క పొట్టు. ఒకామె కాళ్ల మధ్య చెక్క ముక్క పెట్టుకుని బాడిసతో గుంట తీస్తా ఉంది, పక్కన ఒక పెద్దాయన ఆకురాయితో రుద్దతా ఉండాడు, ఇంకో పిల్ల ఉప్పుకాగితంతో నున్నగా చేస్తా ఉంది. రంగూ లేదు, వార్నిషూ లేదు, చెక్క ఎట్లా ఉందో అట్లానే. ఇది ఏం చెక్కమ్మా అంటే నర్ది, బిక్కి, దేవదారి అని ఒక్కోటీ తీసి చేతిలో పెట్టి చూపించింది. అన్నీ అడివి చెట్లే, నాకు పేర్లు కూడా కొత్త. ఒక్క గరిటె మీద ఆ చేతులు ఎంతసేపు పనిచేస్తాయో కళ్లారా చూశాక ధర అడగడానికి నోరు రాలా. ఆమే చెప్పింది. అప్పుడు నేను కొన్నవి తెడ్డు 80, అట్లకాడ 60, పప్పుగుత్తి 100, చిన్న చెంచాలు ఒక్కోటి 20 చొప్పున ఆరు, ఫోర్కులు 25 చొప్పున రెండు, మొత్తం కలిపి 410 రూపాయలు. ఇప్పుడు కొంచెం పెరిగినాయి, పెరగాల్సిందే, ఆ పనికి అది తక్కువే.

పోయేటప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. నీళ్లలో నానబెట్టొద్దు మేడం, పసిబిడ్డకు పోసినట్టు గబగబా పోసి తుడిచేయాల అనింది. ఈ రివ్యూలో ఏదీ గుర్తుపెట్టుకోకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇంక వాడకం సంగతి. నెల్లూరు ఇంటికి తెచ్చినాక నాకు మొదట తెలిసింది రుచి కాదు, చప్పుడు. మా ఆయన కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేస్తాడు. నైట్ షిఫ్టయితే తెల్లారి వచ్చి పడుకుంటాడు, నేనప్పుడే వంటింట్లో ఉంటా. స్టీలు గరిటె బాణలికి తగిలితే ఠంగున మోగేది, ఆయన లోపల అటు నించి ఇటు దొర్లేవాడు, నోరు తెరిచి ఒక్క మాట అనేవాడు కాదు గానీ ఆ దొర్లడం నాకు వినపడేది. నాకు కోపం, వంట చెయ్యకుండా ఎట్లా అని, ఆయనకు నిద్ర లేని విసుగు. ఇట్లా ఎన్నో ఏళ్లు. చెక్క గరిటెలొచ్చిన మొదటి సెలవు వారంలో ఒకరోజు తొమ్మిదిన్నరకు లేచొచ్చి, నువ్వు ఈరోజు వండలేదా ఏంది అన్నాడు. వండినా, పప్పు, కూర, చారు అన్నీ అయిపోయినాయి, ఆయనకు వినపడలా అంతే. ఇద్దరం వంటింట్లోనే నిలబడి నవ్వుకున్నాం. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లు ఎందుకు తోచలేదో మరి. నిజం చెప్తా ఉండా, 410 రూపాయల్లో నాకు ఎక్కువ కలిసొచ్చింది ఇదే.

పప్పుగుత్తి గురించి చెప్పాల. మిక్సీలో ఒక తిప్పు తిప్పితే మామిడికాయ పప్పు గుజ్జు గుజ్జయిపోతాది, కుక్కర్లోనే స్టీలు గరిటెతో మెదిపితే సగం గింజలు అట్లనే ఉంటాయి. చెక్క పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే పప్పు మెదిగి, మామిడి ముక్క మాత్రం ముక్కగానే పంటికి తగలతాది. చెయ్యి కూడా నొప్పి పుట్టదు, పట్టుకునే చోట గుండ్రంగా, రవంత లావుగా చేసింది ఆమె. దీనికి పదికి పది ఇస్తా.

తెడ్డు సంగటికీ, పాయసానికీ, పులిహోర కలపడానికీ. స్టీలుది అయితే అన్నం మెతుకు విరిగిపోతాది, దీంతో మొలగొలుకులు బియ్యపు అన్నం కూడా మెతుకు మెతుకు విడివిడిగా కలుస్తాది. ఇంకోటి, పొయ్యి మీద గంట సేపు ఉన్నా కాడ కాలదు, గుడ్డ పట్టుకోవాల్సిన పని లేదు.

అట్లకాడ మాత్రం కొంచెం ఆలోచించుకుని కొనండి. మనది నెల్లూరు, పొద్దున్నే కారం దోసె లేకుండా వారం గడవదు. ఇనుప పెనం మీద పల్చని దోసె లేపాలంటే అంచు సన్నగా ఉండాల, నేను మొదట కొన్నది మందంగా ఉండి దోసె చిరిగిపోయేది, మళ్లీ పోయినప్పుడు ఆమెకు ఇచ్చి అంచు పల్చగా చెక్కించుకున్నా, పది నిమిషాల్లో చేసిచ్చింది, డబ్బులు కూడా తీసుకోలా. అప్పటినించి బాగుంది. చెంచా వీపుతో ఎర్రకారం పూస్తే మాత్రం ఆ ఎరుపు పోదు, నా చెంచాలు రెండు నారింజ రంగులోకి వచ్చేసినాయి. నాకు అదే అందంగా ఉంటాది, అందరికీ నచ్చకపోవచ్చు.

ఇంక చేపల పులుసు. చాలామంది అడిగేది ఇదే. అసలు చేపల పులుసులో ఏ గరిటే పెట్టకూడదు, ముక్క వేసినాక గిన్నెను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలే గానీ కలిపితే ముక్క చెదిరిపోతాది, ఇది మన అమ్మలందరూ చెప్పే మాటే. కానీ ముక్కలు వెయ్యకముందు చింతపండు పులుసు, కారం, మామిడికాయ ముక్కలు ఉడికేటప్పుడు చెక్క గరిటె చాలా బాగుంటాది, పులుపు తగిలినా చెక్కకు ఏమీ కాదు. దానికి ఒక గరిటె వేరుగా పెట్టుకోండి. నేను మొదట్లో పెట్టుకోలా, పులుసు కలిపిన గరిటెతోనే మరుసటి రోజు పాయసం కలిపి, మా అత్తమ్మ ఒక స్పూను నోట్లో పెట్టుకుని నా మొహం చూసింది. చెక్క వాసన పట్టుకుంటాది, కడిగినా తొందరగా పోదు. ఉప్పు, నిమ్మచెక్క వేసి రుద్దితే కొంత పోతాది.

బాగాలేనివి కూడా చెప్పాల కదా. ఫోర్కులు నాకు పనికిరాలా. పళ్లు సన్నగా ఉండి ఒకటి ఆరు నెలల్లో విరిగింది, రెండోది నేనే పక్కన పెట్టేశా. చూడటానికి బాగుంటాయి, బహుమతిగా ఇయ్యడానికి బాగుంటాయి, రోజూ తినడానికి కాదు. రెండోది, వాన కాలం. మన నెల్లూర్లో నవంబర్, డిసెంబర్ వానలు తెలుసు కదా, గోడలే తడిసి ముద్దవతాయి. ఆ రెండు నెలలూ సొరుగులో పెట్టి మూస్తే నల్ల చుక్కలు వచ్చేస్తాయి, నాకు మూడు చెంచాలకు వచ్చినాయి, ఉప్పుకాగితంతో రుద్ది, వేన్నీళ్లతో కడిగి, నీడన ఆరబెడితే పోయినాయి. సొరుగులో పెట్టొద్దు, గాలి తగిలే చోట డబ్బాలో తలకాయ పైకి వచ్చేట్టు నిలబెట్టండి. ఆరుతాయి కదా అని మే నెల ఎండలో పెట్టొద్దు, నిలువునా చీలతాయి. నెలకోసారి రెండు చుక్కల కొబ్బరి నూనె గుడ్డకు వేసి తుడిచి రాత్రంతా వదిలేస్తా, పొద్దునకు చెక్క మెరుస్తా ఉంటాది. ఆదివారం సాయంత్రం ఈ పని చెయ్యడం నాకు ఇప్పుడు ఎంత ఇష్టమో చెప్పలేను. అన్నీ వరసగా పేపరు మీద పేర్చి, ఒక్కోటీ తుడుస్తా ఉంటే బుర్రలో ఉన్న స్కూలు గోలంతా దిగిపోతాది.

ఒక పెద్ద గరిటె పగిలింది కూడా. అది ఉదయగిరిది కాదు, నెల్లూర్లోనే ఒక షాపులో కొన్నా, అచ్చం అట్లనే ఉండాది, పైన ఏదో మెరుపు పూసినారు. రెండో వారానికే ఆ పూత పెచ్చులు లేచి సాంబారులోకి వచ్చింది, తర్వాత చీలింది. మెరుస్తా ఉంటే కొనొద్దు. మంచిది పొడిగా, మట్టి రంగులో, ముక్కు దగ్గర పెడితే చెక్క వాసన వస్తా ఉంటాది.

2022లో మా పిల్లోడు చెన్నైలో ఉద్యోగానికి పోయినాడు. బట్టలు, దుప్పటి, ఆవకాయ డబ్బా అన్నీ సర్దినాక, అమ్మా ఆ అట్లకాడ నాకియ్యి అన్నాడు. వంట రాని పిల్లోడు, నాకు నవ్వొచ్చింది, ఇచ్చినా. వాడు పోయిన మొదటి నెల ఇల్లు ఎట్లా ఉండిందో చెప్పలేను. మనిషి లేని చప్పుడు ఒకటి ఉంటాది, ఫ్యాను చప్పుడు, ఫ్రిజ్ చప్పుడు, అవే పెద్దగా వినపడతాయి. శనివారం నేను ఉదయగిరి నించి వచ్చేసరికి మా ఆయన డ్యూటీకి పోయుంటాడు, తాళం తీసి లోపలికి పోవాలంటేనే కాళ్లు రావు. ఒకరోజు రాత్రి వీడియో కాల్ చేసినాడు మా వాడు, పెనం మీద దోసె, పక్కన ఎర్రకారం గిన్నె, చేతిలో ఆ అట్లకాడ. అంచు నల్లగా కాలిపోయి ఉండాది, పెనం మీదనే వదిలేసి ఫోన్ మాట్లాడినాడంట. అమ్మా కాలిపోయింది, తిడతావా అన్నాడు. తిట్టలా. దోసె గుండ్రంగా వచ్చింది, అది చూస్తా ఉండిపోయా. ఇప్పుడు వాళ్ల రూములో నలుగురు పిల్లకాయలకూ ఆదివారం వంట వాడిదే, కొంచెం కాలిన ఆ అట్లకాడే వాడతా ఉండారు, కొత్తది పంపిస్తానన్నా వద్దన్నాడు.

2023 బదిలీల్లో నాకు నెల్లూరు దగ్గరికి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా కోరుకున్నది, వచ్చిన రోజు మాత్రం ఏడ్చినా. స్కూల్లో శాలువా కప్పి ఫొటోలు దిగినాక లెక్కల మేడం నన్ను పక్కకు పిలిచి పాత పేపర్లో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే తెడ్డు. కొత్తది కాదు, ఆ వరద రాత్రి నాకు సంగటి చేసి పెట్టిన తెడ్డే. కొస ఒక పక్క అరిగిపోయి వాలుగా అయిపోయింది, ఆమె చెయ్యి తిప్పే పక్కకు. కొత్తది ఇద్దామనుకున్నా, కానీ ఇది నీకు అలవాటు కదమ్మే అనింది. ఇందాక తర్వాత చెప్తానన్నది దీని సంగతే.

అది అమ్మకానికి ఉండదు కాబట్టి దానికి రేటింగ్ ఇయ్యను. కానీ కొత్త తెడ్డుకూ అరిగిన తెడ్డుకూ తేడా చెప్తా, ఇది రివ్యూనే కదా. అరిగినాక కుండ అడుగుకు సరిగ్గా అతుక్కుంటాది, అడుగంటదు. కొత్తదానికి ఆ పని రావడానికి ఏడాది రెండేళ్లు పడతాది. తొందరపడి బాగాలేదని పారేయొద్దు.

మేమిద్దరం ఇప్పటికీ రోజూ రాత్రి ఎనిమిదింటికి వాయిస్ మెసేజ్ పెట్టుకుంటాం. ఏం వండినావమ్మే అని మొదలయి పిల్లల మార్కులు, మోకాళ్ల నొప్పులు, దుర్గం మీద మబ్బు పట్టిందా లేదా దాకా పోతాది. రొట్టెల పండక్కు ఆమె నెల్లూరు వస్తాది, ఇద్దరం స్వర్ణాల చెరువు దగ్గరికి పోతాం. ఆడ కోరిక ఉన్నోళ్లు ఆ కోరిక పేరున్న రొట్టె పట్టుకుంటారు, అది తీరినాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె వదలతారు. ఒక ఏడు ఆమె సొంతింటి రొట్టె పట్టుకునింది, ఇల్లు కట్టుకున్నాక మళ్లీ వచ్చి రొట్టె వదిలింది, నీళ్లలో మోకాళ్ల దాకా దిగి ఎవరో తెలీని ఒక పిల్ల చేతిలో ఆ రొట్టె పెడతా ఉంటే ఆమె మొహం చూడాల.

నెల్లూర్లో కొత్త స్నేహం కూడా దీనివల్లే. మా పై పోర్షన్లోకి కొత్తగా పెళ్లయిన జంట వచ్చినారు, ఆ అమ్మాయి కర్నూలు వైపు. ఒకరోజు మెట్లు దిగొచ్చి, ఆంటీ మీ ఇంట్లో సంగటి వాసన వస్తా ఉంది అనింది. అంతే, చేతిలో ప్లేటు పెట్టినా. తిన్నాక తెడ్డు పట్టుకుని చూసి మా అమ్మ దగ్గర ఇట్లాంటిది ఉంది అంటా కళ్లనీళ్లు పెట్టుకునింది. ఆ తర్వాత వారానికి ఒకసారి ఆమె తెడ్డు అడగడానికి వస్తాది, నేను కొత్తది కొనిస్తానన్నా వద్దంటాది, అది అడిగే నెపంతో గంటసేపు కూర్చోవచ్చని. నాకూ అదే కావాల.

ఎవరు కొనొద్దో కూడా చెప్తా. గిన్నెలన్నీ రాత్రి సింకులో నీళ్లు పోసి నానబెట్టి పొద్దున తోమేవాళ్లకు, డిష్ వాషర్ ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు, నెలకే పాడయిపోతాయి. పనామె ఉంటే ఆమెకు ముందే చెప్పండి, లేదా ఇవి మీరే కడుక్కోండి, అర నిమిషం పని. మిగతా అందరూ ధైర్యంగా కొనుక్కోవచ్చు. మొదటిసారి అయితే పప్పుగుత్తి, ఒక తెడ్డు, రెండు చెంచాలు చాలు, సెట్టు సెట్టు కొనొద్దు. కుదిరితే ఉదయగిరి పోయి, చేసేవాళ్ల దగ్గరే, చేత్తో పట్టుకుని చూసి కొనండి, మీ చేతికి ఏది సరిపోతాదో పట్టుకుంటే గానీ తెలీదు. బేరం ఆడొద్దు, దయచేసి.

పై ఇంటి అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల బిడ్డ, వచ్చే నెల అన్నప్రాశన. చిన్న చెంచా ఒకటి చేసిపెట్టమని, అంచు బాగా గుండ్రంగా, ఉప్పుకాగితం నాలుగు సార్లు ఎక్కువ పట్టించమని లెక్కల మేడం చేత చెప్పించినా. రెడీ అయిందంట. ఈ శనివారం పొద్దున బస్సుకు పోతా ఉండా, రాత్రికి ఆడనే ఉంటా, సంగటి తెడ్డు కూడా సంచిలో పెట్టుకున్నా.